వెనక చక్రం నట్టు

పని నేర్చుకుంటున్న తమ్ముళ్ళు టీ కొట్టు దగ్గర నన్ను చూస్తే చాలు, చుట్టూ చేరతారు. "అన్నా, కొత్త బండికి మొదట్లో ఏమేం సూడాల?" అని అడుగుతారు. ఆదోనిలో ఒకే షోరూం సర్వీసు షెడ్డులో ముప్పై ఏళ్ళు గ్రీజులో మునిగి తేలినవాణ్ణి, చివరి పన్నెండేళ్ళు హెడ్ మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలియనిది ఉండదని వాళ్ళ నమ్మకం. నేనూ పెద్దమనిషి లెక్క గొంతు సవరించుకుని మొదలుపెడతాను. మొదటి ఐదు వందల కిలోమీటర్లు ఇంజన్ని పరుగెత్తించొద్దని కొన్నవాళ్ళకు చెప్పండి. మొదటి సర్వీసులో ఆయిలు దించితే అందులో సన్నటి మెరుపులు కనబడతాయి, గేర్లు ఒకదానికొకటి అలవాటు పడుతున్నాయన్నమాట, కంగారు పడొద్దు. క్లచ్చి తీగ కొత్తలో సాగుతుంది, చెయిను కొత్తలో సాగుతుంది, మళ్ళీ మళ్ళీ చూడండి. ఇంతవరకూ గడగడా చెప్పుకుపోతాను. చెయిను మాట దాటి వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి "ఇంక చాలు, పోయి పని చూసుకోండి" అని కసురుతాను. ముసలోడికి చక్కెర జబ్బు, చిరాకు ఎక్కువ అనుకుని వాళ్ళు లేచి పోతారు.

చక్కెర జబ్బు ఉన్న మాట నిజమే గానీ, ఆ కసురుకు కారణం అది కాదు. ఎమ్మిగనూరు నుంచి వచ్చి బండి కొన్న ఒక నేతగాడు, అతని భార్య. వాళ్ళకు నేను చేసిన అన్యాయం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పేస్తాను, వినండి. విన్న తర్వాత నాకు దండం పెట్టడం మానేసినా సరే.

అది మా కంపెనీలో అన్నిటికంటే తక్కువ ధర బండి. సెల్ఫు లేదు, కిక్కు కొట్టాల్సిందే. ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. ఆ బండిని చూసి మూతి విరిచే మెకానిక్కులంటే నాకు ఒళ్ళు మంట. తక్కువ బండి కొన్నవాడే దాన్ని అపురూపంగా చూసుకుంటాడు. సీటు మీది ప్లాస్టిక్ కవరు ఏడాదైనా తీయడు. వాన పడితే తను తడిసి బండికి గోనెపట్ట కప్పుతాడు.

బండ్లు లారీలో రెండంతస్తుల మీద కట్టుకుని వచ్చేవి. బ్యాటరీ విడిగా, అద్దాలు విడిగా. దారిలో ఊగకుండా చక్రాల్లో గాలి ఎక్కువ కొట్టి పంపేవాళ్ళు. మేము బ్యాటరీ బిగించి, గాలి తగ్గించి, చెయిను సరిచేసి, నట్లన్నీ ఒక్కొక్కటీ పానాతో చూసి, కార్డులో టిక్కులు పెట్టి, కింద నేను సంతకం చేస్తే అప్పుడు బండి షోరూంలోకి పోవాలి. ఇది రూలు. కానీ శుక్రవారం రూలుకు సెలవు. శుక్రవారం రాహుకాలం పదిన్నరకు మొదలవుతుంది. బండి తీసుకునే ప్రతివాడూ ఆలోపల తాళంచెవి చేతికి రావాలంటాడు. అందుకని నేను గురువారం సాయంత్రమే కార్డుల కట్ట ముందర పెట్టుకుని అన్నిటి మీదా సంతకాలు గీకేసేవాణ్ణి. పని శుక్రవారం పొద్దున. సంతకం ముందు, పని తర్వాత. ఎన్నో ఏళ్ళు ఏ తప్పూ జరగలేదు, దాంతో అదే పద్ధతి అయిపోయింది.

ఆ శుక్రవారం పద్నాలుగు బండ్లు పోవాలి. ఎమ్మిగనూరు దంపతులు తొమ్మిదికే వచ్చి కూర్చున్నారు. అతనికి నలభై లోపే. నూలు తెచ్చుకోను, నేసిన చీరలు ఇచ్చిరాను బండి కావాలన్నాడు. ఆమె చేతి సంచిలో టెంకాయ, నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కనకాంబరాల దండ. వాళ్ళ బండి స్టార్టు చేసి చూపిస్తే అతను కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు విన్నాడు. "మంచి మగ్గం కూడా ఇట్లే పలుకుతాదన్నా, యాడా తడబడకుండా" అన్నాడు. నాకు అతను అక్కడే నచ్చాడు.

వాళ్ళ బండికి చెయిను వదులుగా ఉంది. చెయిను బిగించాలంటే వెనక చక్రం ఇరుసు నట్టు వదులు చేయాలి. చక్రాన్ని కొంచెం వెనక్కి లాగి, రెండు పక్కలా గీతలు సమానంగా ఉన్నాయా చూసి, మళ్ళీ నట్టు బిగించాలి. చిన్న పానాతో బిగిస్తే అది బిగింపు కాదు. పొడుగు పానా పెట్టి, ఒళ్ళంతా దాని మీద వేసి ఆఖరి బిగింపు వేయాలి. నేను చెయిను సరిచేసి, చిన్న పానాతో నట్టు తిప్పి, పొడుగు పానా కోసం చూస్తే అది షెడ్డులో ఆ చివర ఇంకొకడి దగ్గర ఉంది. అంతలో మా సావుకారు కేక వేశాడు.

"ఏమయ్యా, ఇంగా ఎంతసేపు? రాహుకాలం వస్తాంది, ఆ ఎమ్మిగనూరోళ్ళ బండి తొయ్యి బయటికి!"

ఎవరో తోసేశారు. నేను పొడుగు పానా తీసుకుని వాకిట్లోకి వచ్చేసరికి బండికి పసుపు, కుంకుమ పెట్టడం అయిపోయింది. దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను వెనక చక్రం దగ్గర కూర్చోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నా, అన్నా, ఏం సేస్తాండావు? బొట్టు పెట్టినాక ఇనుము తగలకూడదు."

"ఒక్క నట్టమ్మా, ఒక్క నిమిషం."

"సోమారం ఉరుకుంద ఈరన్న సామి కాడ పూజ సేపిస్తామన్నా. అదయ్యేదాకా ఎవురూ పానా పెట్టకూడదు. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించినా అంతే, పూజ గాకుండా మేము కత్తెర పెట్టం. మంగళారం పొద్దున్నే నీ కాడికి పంపిస్తా, నీ ఇష్టమొచ్చినంత బిగించుకో."

భర్త నవ్వాడు. "ఆమె మాట కాదంటే నాకు ఇంట్లో సంగటి పుట్టదన్నా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు, సావుకారుతో సహా. నేనూ నవ్వాను.

తమ్ముళ్ళూ, ఇక్కడ ఆగండి. "ఈ నట్టు ఇంకా బిగించలేదమ్మా, చక్రం పక్కకు జరిగితే పడిపోతారు" అని ఒక్క మాట అని ఉంటే ఆ తల్లే వంగి నాకు పానా అందించేది. ఆమె ఏమీ మొండిది కాదు. కానీ ఆ మాట అంటే, అన్నీ చూశానని సంతకం పెట్టిన కార్డు అబద్ధమని నిండు షోరూంలో నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. సావుకారు ముందు, పదిమంది గిరాకీల ముందు హెడ్ మెకానిక్ పరువు పోతుంది. ఆ పరువు కోసం నోరు మూసుకున్నాను. "నిదానంగా పో అప్పా, మంగళవారం మరిచిపోవద్దు" అని భుజం తట్టి పంపించాను.

ఆదివారం మధ్యాహ్నం అతను ఫోన్ చేశాడు.

"అన్నా, బండి ఎనక చక్రం ఒక పక్కకు ఈడుస్తాంది. మలుపు తిరిగితే తోక ఊపినట్లుంది. ఏమయి ఉంటాది?"

నాకు అనుమానం రాలేదంటే కళ్ళు పోతాయి. ఆ లక్షణానికి మొదట చూడాల్సింది ఆ నట్టే, నిన్న పనిలో చేరినవాడైనా చెబుతాడు. నేను చెప్పిందేమిటంటే, "టైరు కొత్తది కదప్పా, పైన నునుపు ఉంటుంది. గాలి కూడా ఎక్కువుందేమో, కొంచెం తీయించు" అని.

"ఈడ మెకానిక్కుకు సూపిచ్చేదా? ఆమెను ఎట్లో ఒప్పిస్తాలే."

"వద్దు వద్దు. బయటోళ్ళు చెయ్యి పెడితే వారంటీ పోతుంది."

వారంటీ పోతుందని కాదు నా భయం. బయటి మెకానిక్ పానా పెడితే నట్టు వదులుందని తెలిసిపోతుందని. ఆదోని నుంచి ఎమ్మిగనూరు ఎంత దూరం? బస్సెక్కితే గంట. పానా సంచిలో వేసుకుని పోయి, బిగించి, వాళ్ళింట్లో ఇన్ని మజ్జిగ నీళ్ళు తాగి రావచ్చు. పోలేదు. ఆదివారం కదా, మా ఇంట్లో పొయ్యి మీద కూర ఉడుకుతోంది. ఆ కూర రుచి కూడా నాకు గుర్తులేదు.

సోమవారం ఉరుకుందకు పోయే దారిలో కాలువ వంతెన దిగుతుంటే చక్రం జరిగి, చెయిను ఊడి, బండి అడ్డం తిరిగింది. ఆమె రోడ్డు పక్క వరి మడి బురదలో పడింది, గీరుకోవడం తప్ప పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. అతను కంకర మీద పడ్డాడు. కుడి చెయ్యి బండి కింద నలిగింది. కర్నూలు పెద్దాసుపత్రిలో రెండుసార్లు కోసి, కడ్డీలు వేశారు. చెయ్యి మిగిలింది, అందులో బలం మిగల్లేదు. మగ్గం మీద నూలు మోసే నాడెను అటూ ఇటూ పరుగెత్తించేది కుడి చెయ్యే. తాడు పట్టి రోజంతా వేల మార్లు లాగాలి. అతను ఆ చేత్తో అన్నం ముద్ద కూడా సరిగ్గా పట్టుకోలేకపోయాడని తర్వాత తెలిసింది.

మంగళవారం బండి వచ్చింది, నన్ను బిగించుకోమన్న మంగళవారమే. కాకపోతే టెంపోలో పడుకుని వచ్చింది. కొత్త బండి మూడు రోజులకే పడిందంటే కంపెనీ ఊరుకోదు. కర్నూలు నుంచి ఇంజనీరు బయల్దేరాడని ఫోన్ వచ్చింది. సావుకారు మొహం మాడిపోయింది. "మన తప్పేమీ లేదు గదయ్యా?" అన్నాడు. "లేదు సార్" అన్నాను.

షెడ్డు వెనక గోడ వారగా బండి పెట్టించి దాని ముందు కూర్చున్నాను. కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు. ఇరుసు నట్టు మీద రెండు వేళ్ళు పెడితే సీసా మూత లెక్క తిరిగింది. చక్రం ఒక పక్క ముందుకు జరిగిపోయి ఉంది. చూడాల్సింది ఏమీ మిగల్లేదు. అప్పుడు నేను చేసిన పని చెబుతున్నాను, వినండి. ఊడిన చెయిను ఎక్కించి, చక్రాన్ని వెనక్కి లాగి, గీతలు సరిచేసి, పొడుగు పానా తెచ్చి, ఒళ్ళంతా దాని మీద వేసి ఆఖరి బిగింపు వేశాను. ఎంత గట్టిగా వేశానంటే అరచెయ్యి కమిలింది.

తల ఎత్తితే నీళ్ళ సర్వీసు చేసే సాయిబు నిలబడి ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, బండ్లు కడిగి కడిగి వేళ్ళన్నీ పాచిపోయిన మనిషి. చేతిలో నీళ్ళ గొట్టం, నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నా కదల్లేదు. గొట్టం కట్టేసి వెళ్ళిపోయాడు.

ఇంజనీరు వచ్చి తన కొలత పానా పెట్టి చూశాడు. "టైటుగానే ఉంది" అన్నాడు. అన్నీ చూశానన్న నా సంతకం కార్డులో ఉంది. కంకర మీద జారి పడిందనీ, పూజ కాలేదని గిరాకీవాళ్ళే ఇంకోసారి చెకింగుకు ఒప్పుకోలేదనీ రాసుకున్నాడు. ఒప్పుకోలేదన్న మాట నేనే అందించాను. అబద్ధం కూడా కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సగం నిజం ఉన్న మాట ఎంత సులువుగా నోట్లోంచి వస్తుందో ఆ రోజు తెలుసుకున్నాను.

సాయిబూ నేనూ పద్దెనిమిదేళ్ళుగా రోజూ పదకొండు గంటలకు ఒక టీ చెప్పి రెండు గ్లాసుల్లో పంచుకునేవాళ్ళం. మరుసటి రోజు అతను తనకొక్కడికే టీ చెప్పుకున్నాడు. ఆ మరుసటి రోజూ అంతే. వారం గడిచాక నేనే పోయి "ఏం భాయ్, కోపమా?" అన్నాను. గ్లాసు కింద పెట్టి ఒకటే మాటన్నాడు.

"ఆ నట్టు శుక్రారం బిగించల్ల భాయ్. మంగళారం బిగిస్తే ఎవురికి ఫాయిదా?"

తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నామీద ఎవరికీ చెప్పనూ లేదు. చెప్పి ఉంటే బాగుండునని ఇప్పుడు అనిపిస్తుంది.

రెండేళ్ళ తర్వాత శ్రావణ మాసంలో ఆదోని బస్టాండులో ఆమె కనబడింది. మిట్టమధ్యాహ్నం, సిమెంటు నేల కాలిపోతోంది, ఆమె కాళ్ళకు చెప్పుల్లేవు. నేను తప్పుకుపోదామనుకునేలోపే గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది.

"బాగుండావా అన్నా?"

"బాగున్నానమ్మా. అతను ఎట్లున్నాడు?"

"ఉండాడు. మగ్గం నేనే నేస్తాండా. ఆయప్ప కండెలకు నూలు సుట్టిస్తాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ పొద్దు నువ్వు పానా పట్టుకోని కింద కూసుంటివి గదన్నా. నేను గమ్మునుండింటే నీ పని నువ్వు సేసుకుంటుంటివి. నా నోరు పడిపోను, నేనే అడ్డం పడితి. ఆ పొద్దు నుంచి సెప్పులు ఇడిస్తి. ఏటా శ్రావణంలో ఉరుకుందకు నడిసిపోతాండా. సామి ఎప్పుడు తప్పు కాస్తాడో!"

చెప్పాల్సింది ఏముంది? తప్పు నీది కాదమ్మా, నాది. ఇంతే. చెబుదామని నోరు తెరిచాను కూడా. అంతలో ఎమ్మిగనూరు బస్సు వచ్చింది, జనం తోసుకున్నారు. "దేవుడున్నాడులేమ్మా" అన్నాను. దేవుడున్నాడట! నేను చేసిన పాపాన్ని ఆమె కాళ్ళ మీద వేసి, పైగా దేవుణ్ణి సాక్ష్యం పిలిచాను. ఆమె బస్సు మెట్టెక్కుతూ వెనక్కి తిరిగి నాకు దండం పెట్టింది.

పోయి చెప్పాలని ఎన్నిసార్లనుకున్నానో లెక్కలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఉద్యోగం అడ్డం. రిటైరయ్యాక సిగ్గు అడ్డం. ఈ మధ్య కంటికి ఆపరేషనయి పదిరోజులు కళ్ళకు గంతలతో పడుకున్నాను. కట్టు కింద కనబడిందల్లా బస్టాండులో ఆ కాళ్ళే. కట్టు విప్పిన వారానికి ఎమ్మిగనూరు బస్సెక్కాను.

ఇల్లు అడుక్కుంటూ పోయాను. వీధిలో ఇంకా నాలుగైదు మగ్గాలు పలుకుతున్నాయి, వాళ్ళ ఇంట్లో చప్పుడు లేదు. గుంత మగ్గం మీద చాప కప్పి ఉంది. అతను వాకిట్లో కూర్చుని పక్కింటివాళ్ళ కండెలు చుడుతున్నాడు. ఎడమ చేత్తో రాట్నం తిప్పుతున్నాడు, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి పీట వేశాడు.

"ఆయమ్మ ఏది?" అన్నాను.

"పోయినేడు పోయిందన్నా. కాలికి గాజుపెంకు గుచ్చుకున్న్యాది. సక్కెర ఉండాదని మాకు తెల్దు. సీము పట్టి పైకెక్కె. సెప్పులేసుకోమని డాక్టరు సెప్పినా ఇనలేదు."

గోడకు ఆమె ఫోటో ఉంది. నేను పీట మీద కూర్చోలేదు. నేల మీద కూర్చుని అంతా చెప్పాను. కార్డుల కట్ట, చిన్న పానా, ఆదివారం ఫోను, మంగళవారం నేను బిగించిన బిగింపు, బస్టాండు. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ అతను రాట్నం వైపే చూస్తూ ఉన్నాడు. అయిపోయాక "తిట్టప్పా" అన్నాను. "చెప్పు తీసుకుని కొట్టినా పడతాను."

అతను తిట్టలేదు. రాట్నం మీంచి చెయ్యి తీశాడు.

"నేనూ ఆమెనే అంటి గదన్నా. ఒగసారి గాదు, శానాసార్లు. సెయ్యి నొప్పి పుట్టినప్పుడంతా అంటి. నీ పూజే నా సెయ్యి తినె అంటి. ఆసుపత్రిలో ఆకరి పొద్దు కూడా అడిగె, 'నా వల్లే గదా?' అని. కాదని సెప్పుంటే నా సొమ్మేం పోయింటుండె? సెప్పలేదు. నిజమే అనుకుంటి."

అతను ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నా ఏడుపుకు విలువ లేదని నాకు తెలుసు.

కాసేపటికి అతను లేచి, నా చంక కింద ఎడమ చెయ్యి వేసి నన్నూ లేపాడు. ఫోటో ముందుకు తీసుకుపోయి నిలబెట్టాడు.

"నాకేమిటికి సెప్తావు? ఆమెకు సెప్పు."

"అమ్మా" అన్నాను. అతను పక్కనే నిలబడి ఉన్నాడు. మళ్ళీ మొదలుపెట్టి, గురువారం సాయంత్రం సంతకాల దగ్గర్నుంచి చివరిదాకా చెప్పాను. నట్టు బిగించలేదమ్మా, నువ్వు అడ్డం పడినందుకు కాదు, నేను నోరు విప్పనందుకు పడింది బండి, అని చెప్పాను. చెప్పి, అతని వైపు చూశాను. అతను కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"ఇంగొకసారి సెప్పు" అన్నాడు.